గ్లాసీ కబోర్డుల రెండరింగ్

గృహాలంకరణ సాఫ్ట్‌వేర్‌లో కబోర్డు తలుపుల నిగనిగను, తలుపు తయారయ్యాక కంటికి కనిపించే తీరులోనే, కంప్యూటర్ చిత్రంలోకి తీసుకురావడాన్ని గ్లాసీ కబోర్డుల రెండరింగ్ అంటారు. మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్, టీవీ యూనిట్ వంటి పనుల్లో ప్లైవుడ్ కోయకముందే ఇంటివారికి చూపే త్రీడీ చిత్రాలకు ఇది కీలకం. మ్యాట్ తలుపును చూపడానికి రంగు, డిజైను దాదాపు సరిపోతాయి. గ్లాసీ తలుపుకు అవి చాలవు. నున్నని తలుపు తన రంగుతో పాటు ఎదుట ఉన్న కిటికీని, దీపాలను, నేలను, గోడను కూడా చూపిస్తుంది. అందువల్ల దాని చిత్రణ పదార్థానికి ఇచ్చే విలువలతో ఆగిపోదు. తలుపు ఆకారం, చుట్టూ ఉన్న గది, వెలుతురు, కాంతిని లెక్కించే పద్ధతి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

మెరుపుకు కారణం

తలుపు మీద పడిన కాంతి రెండు దారుల్లో కంటికి చేరుతుంది. కొంత భాగం పైపొర మీదే క్రమ పరావర్తనం చెంది వెనుదిరుగుతుంది. మిగిలినది పొరలోకి దూరి, రంగు కణాల మధ్య చెదిరి, కొన్ని రంగులను అక్కడే పోగొట్టుకుని అన్ని దిక్కులకూ బయటపడుతుంది. మొదటి భాగం మెరుపునిస్తే, రెండో భాగం రంగునిస్తుంది. పైపొర నుంచి తిరిగొచ్చే కాంతికి తలుపు రంగు అంటదు. ఎర్రటి యాక్రిలిక్ తలుపులో తెల్లటి ట్యూబ్‌లైటు తెల్లగానే కనిపించడానికి కారణం ఇదే. రాగి, ఇత్తడి, బంగారం వంటి లోహాల్లో మాత్రం ప్రతిబింబానికే రంగు పడుతుంది.

పైపొర ఎంత కాంతిని వెనక్కి పంపుతుందో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఆగస్టిన్ జాన్ ఫ్రెనెల్ (1788–1827) సమీకరణాలు చెబుతాయి. వక్రీభవన గుణకం 1.5 ఉన్న పొరను సూటిగా ఎదురుగా చూస్తే అది 4 శాతం కాంతినే పరావర్తనం చేస్తుంది. లంబంతో 60 డిగ్రీల కోణంలో ఇది సుమారు 9 శాతానికి, 80 డిగ్రీల వద్ద సుమారు 39 శాతానికి పెరుగుతుంది. కిచెన్ కబోర్డుల వరుసకు ఎదురుగా నిలబడితే రంగు స్పష్టంగా కనిపించి, వరుస చివర నుంచి ఏటవాలుగా చూస్తే అదే తలుపులు దాదాపు అద్దాల్లా మారడం ఈ పెరుగుదల ఫలితం.

ముదురు రంగు తలుపుల్లో ప్రతిబింబం ఎక్కువ తెలియడానికి కారణం వేరు. తెల్ల తలుపు లోపలి నుంచి వచ్చే కాంతి చాలా ఎక్కువ కాబట్టి, పైపొర ఇచ్చే 4 శాతం అందులో కలిసిపోతుంది. నల్ల తలుపులో లోపలి నుంచి వచ్చేది స్వల్పం. అదే 4 శాతం అక్కడ చూపును పూర్తిగా ఆక్రమిస్తుంది. అంటే నలుపుకు, తెలుపుకు పైపొర మెరుపు సమానంగానే ఉన్నా కంటికి తేడాగా తోస్తుంది.

ఫినిష్‌లలో రకాలు

తెలుగు రాష్ట్రాల ఇంటీరియర్ పనుల్లో గ్లాసీ ఫినిష్ అనే మాట కింద పలు పదార్థాలు వస్తాయి. సన్‌మైకా అని వాడుకలో పిలిచే లామినేట్లలో గ్లాసీ రకాలు చవకైనవి. యాక్రిలిక్ తలుపుల్లో పలుచని యాక్రిలిక్ షీటును ఎండీఎఫ్ లేదా హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక మీద యంత్రంతో అతికిస్తారు. పీయూ (పాలీయురిథేన్) ఫినిష్‌ను స్ప్రే గన్‌తో పొరలు పొరలుగా కొట్టి, మధ్యమధ్య సానపట్టి, చివర పాలిష్ చేస్తారు. డ్యూకో కూడా స్ప్రే పెయింటే. ఈ పేరు 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ది. లక్కర్డ్ గ్లాస్‌లో అద్దం వెనకవైపు రంగు వేస్తారు. వెనీర్ మీద పాలిష్ వేసినప్పుడు చెక్క గీతలు అడుగున ఉండి, పారదర్శకమైన పొర పైన మెరుస్తుంది.

వీటి వక్రీభవన గుణకాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. యాక్రిలిక్‌కు 1.49, మామూలు అద్దానికి 1.52, పాలీయురిథేన్ పూతలకు సుమారు 1.5. ఎదురు చూపులో పరావర్తనం యాక్రిలిక్‌కు 3.9 శాతం, అద్దానికి 4.3 శాతం. ఈ కాస్త తేడాను కన్ను పట్టలేదు. ఒక ఫినిష్‌ను మరోదాని నుంచి వేరు చేసేవి ఉపరితలం నునుపు, దాని మీది సన్నని అలలు, పారదర్శక పొర మందం, అంచులు.

పరిశ్రమలో మెరుపును గ్లాస్‌మీటరుతో కొలుస్తారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ523 1939లో మొదలైంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2813. వక్రీభవన గుణకం 1.567 ఉన్న పాలిష్ చేసిన నల్ల అద్దానికి 100 యూనిట్లు ఇచ్చి, మిగతా వాటిని దానితో పోలుస్తారు. సాధారణంగా 60 డిగ్రీల కోణంలో కొలుస్తారు. అక్కడ విలువ 70 దాటితే హై గ్లాసీగా భావించి 20 డిగ్రీల్లో, 10కి తగ్గితే మ్యాట్‌గా భావించి 85 డిగ్రీల్లో మళ్లీ కొలుస్తారు.

మెరుపు అంతా ఈ ఒక్క అంకెలో ఇమడదు. అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ హంటర్ 1937లోనే మెరుపును ఆరు రకాల దృశ్య లక్షణాలుగా విడదీశాడు. ప్రతిబింబం ఎంత పదునుగా ఉంది, దాని చుట్టూ పాలలాంటి మసక ఉందా, ఉపరితలంలో ఎగుడుదిగుడులు కనిపిస్తున్నాయా అనేవి అందులో ఉన్నాయి. ఒకే మెరుపు యూనిట్లు చూపే యాక్రిలిక్, పీయూ తలుపులు పక్కపక్కన వేరుగా కనిపించేది ఈ లక్షణాల వల్లే.

గణిత నమూనాల పరిణామం

చెదిరిన కాంతికి పునాది సూత్రం 1760లో యోహాన్ లాంబర్ట్ ప్రచురించిన గ్రంథం నుంచి వచ్చింది. కంప్యూటర్ చిత్రాల్లో మెరుపుకు విస్తృతంగా వాడిన తొలి నమూనా బూయీ టువోంగ్ ఫాంగ్‌ది. వియత్నాంలో పుట్టి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఆయన నమూనా 1975లో అచ్చయింది. 1977లో జేమ్స్ బ్లిన్ దాన్ని సవరించాడు. ఈ నమూనాలు దీపం ప్రతిబింబాన్ని ఒక తెల్లటి మచ్చగా చూపుతాయి. గదిని మాత్రం ప్రతిబింబించవు. పాత గృహ సాఫ్ట్‌వేర్లలో కబోర్డులన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా కనిపించడానికి ఈ లోపమే ప్రధాన కారణం.

గదిని ప్రతిబింబంలోకి తెచ్చేందుకు రెండు మార్గాలు వచ్చాయి. పరిసరాలను ముందే ఒక బొమ్మగా తీసి వస్తువు మీద ప్రతిబింబింపజేసే ఎన్విరాన్‌మెంట్ మ్యాపింగ్‌ను 1976లో బ్లిన్, మార్టిన్ న్యూవెల్ వివరించారు. ప్రతిబింబ కిరణాన్ని గదిలోకి పంపి అది ఏ వస్తువును తాకుతుందో వెతికే రే ట్రేసింగ్ పద్ధతిని 1980లో టర్నర్ విటెడ్ ప్రచురించాడు. 1986లో జేమ్స్ కాజియా రెండరింగ్ సమీకరణాన్ని, దాన్ని సాధించే పాత్ ట్రేసింగ్‌ను ప్రతిపాదించాడు. నేటి వాస్తవిక చిత్రాలకు ఆధారం ఇదే.

ఉపరితలం కంటికి కనిపించనంత చిన్న అద్దపు ముఖాల సమూహమనే భావనను 1980ల తొలినాళ్లలో రాబర్ట్ కుక్, కెనెత్ టోరెన్స్ కంప్యూటర్ చిత్రాలకు అన్వయించారు. ముఖాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే ప్రతిబింబం పదునుగా, తలో దిక్కుకు ఉంటే మసకగా ఉంటుంది. ఫ్రెనెల్ లెక్కను తేలిక చేసే సూత్రాన్ని 1994లో క్రిస్టఫ్ ష్లిక్ ఇచ్చాడు. 2007లో బ్రూస్ వాల్టర్ బృందం ఈ చిన్న ముఖాల దిక్కులకు జీజీఎక్స్ అనే పంపిణీని వివరించింది. వెలుగు మచ్చ చుట్టూ పల్చగా పరుచుకునే కాంతిని ఇది పాత నమూనాల కన్నా బాగా చూపుతుంది. డిస్నీ స్టూడియోలో బ్రెంట్ బర్లీ 2012లో వెల్లడించిన నమూనా ఈ భావనలను కళాకారులు సులువుగా వాడగలిగే కొద్దిపాటి స్లైడర్లుగా మార్చింది. అందులో క్లియర్‌కోట్ అనే పారదర్శక పైపొర కూడా ఉంది. త్రీడీ వస్తువులను సాఫ్ట్‌వేర్ల మధ్య మార్చుకోవడానికి క్రోనోస్ గ్రూప్ 2017లో విడుదల చేసిన జీఎల్‌టీఎఫ్ 2.0 ప్రమాణం కూడా గరుకుదనం, లోహత్వం అనే కొలమానాలనే స్వీకరించింది.

పదార్థానికి ఇచ్చే విలువలు

మూల రంగు. లోపలి నుంచి చెదిరి వచ్చే కాంతి రంగు ఇది. తెల్ల తలుపుకు గరిష్ఠ విలువ అయిన 255 ఇవ్వడం తప్పు. లోకంలో ఏ పెయింటూ పడిన కాంతినంతా తిరిగి ఇవ్వదు. మంచి తెల్ల పెయింటు కూడా 80–85 శాతానికి అటూ ఇటూగా ఆగుతుంది. విలువ మితిమీరితే తలుపులు స్వయంగా వెలుగుతున్నట్టు కనిపించి, వాటి మీది ప్రతిబింబం మాయమవుతుంది. నలుపుకు సున్నా ఇవ్వడమూ ఇలాంటి పొరపాటే.

లోహత్వం. యాక్రిలిక్, పీయూ, లామినేట్, అద్దం అన్నిటికీ ఇది సున్నా. మెరుపు పెంచాలని దీన్ని పెంచితే ప్రతిబింబాలకు తలుపు రంగు అంటుకుని, చెక్క కబోర్డు రంగు రేకులా మారుతుంది. గృహ సాఫ్ట్‌వేర్లలో తరచూ జరిగే తప్పుల్లో ఇదొకటి.

గరుకుదనం. సున్నా అంటే అద్దపు నునుపు, ఒకటి అంటే పూర్తి మ్యాట్. హై గ్లాసీ ఫినిష్‌లకు సాధారణంగా 0.02 నుంచి 0.08 వరకు, శాటిన్‌కు 0.3–0.4 ప్రాంతంలో విలువలు వాడతారు. వీ-రే వంటి రెండరింగ్ ఇంజన్లలో ఇదే కొలత తలకిందులుగా, గ్లాసీనెస్ పేరుతో ఉంటుంది. అక్కడ 1 అంటే పూర్తి నునుపు. గ్లాస్‌మీటరు యూనిట్లను గరుకుదనంగా మార్చే ఏకైక సూత్రం లేదు. అసలు నమూనా ముక్కను, చిత్రాన్ని ఒకే రకం వెలుతురులో పోల్చి సరిచేయడమే నమ్మదగిన దారి.

వక్రీభవన గుణకం. 1.5 దాదాపు అన్ని కబోర్డు పూతలకూ సరిపోతుంది. ఫ్రెనెల్ ఎంపికను ఆపేసి పరావర్తనాన్ని ఒకే శాతంగా ఉంచితే, తలుపు ఎటు నుంచి చూసినా ఒకేలా మెరిసి కృత్రిమంగా తేలిపోతుంది.

క్లియర్‌కోట్. వెనీర్ పాలిష్, మెటాలిక్ పీయూ వంటి రెండంచెల ఫినిష్‌లకు ఇది అవసరం. అడుగు పొరకు చెక్క గీతలు, కొంత గరుకుదనం ఇచ్చి, దాని మీద నునుపైన పైపొర వేస్తారు. ఒకే పొరతో ప్రయత్నిస్తే గీతలు మెరుపులోకి చొరబడతాయి, లేదా మెరుపు గీతలను కమ్మేస్తుంది. లక్కర్డ్ గ్లాస్‌కు మాత్రం అసలైన మందంతో అద్దపు పలకను గీసి, వెనకవైపు రంగు ఇవ్వడం మేలు. అప్పుడే అంచు దగ్గర మందం కనిపిస్తుంది.

డిజైను ఉన్న లామినేట్లలో కొలత కూడా ముఖ్యం. షీటు అసలు పరిమాణం సాధారణంగా 8 అడుగులకు 4 అడుగులు. గీతల బొమ్మను అదే కొలతలో పరిచి, పక్క తలుపుల మీద ఒకే ముడి మళ్లీ మళ్లీ రాకుండా జరపాలి. రంగు బొమ్మలకు వర్తించే గామా సవరణ గరుకుదనపు బొమ్మలకు వర్తించకూడదు. వర్తిస్తే ఫినిష్ ఉద్దేశించిన దానికన్నా వేరుగా మెరుస్తుంది.

ఆకారం, అంచులు, అలలు

సాఫ్ట్‌వేర్ గీసే పెట్టె అంచు గణితపరంగా మందం లేని గీత. నిజమైన తలుపుకు అలాంటి అంచు ఉండదు. ఎడ్జ్ బ్యాండ్ అతికించి, మూలను కొద్దిగా గుండ్రం చేస్తారు. ఆ సన్నని వంపు గదిలోని దీపాలన్నిటినీ పట్టి ఒక వెలుగు గీతగా చూపుతుంది. మోడల్‌లో ఒక మిల్లీమీటరు గుండ్రనం ఇచ్చినా తలుపు పెట్టె నుంచి వస్తువుగా మారుతుంది. తలుపుల మధ్య 2–3 మి.మీ. సందును నల్లటి గీతగా గీయకుండా నిజమైన ఖాళీగానే ఉంచాలి.

రెండో అంశం అలలు. స్ప్రే చేసిన పీయూ, డ్యూకో పూతల్లో కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు వరకు వెడల్పున్న మెత్తని ఎగుడుదిగుడులు మిగులుతాయి. పెయింటర్లు దీన్ని ఆరెంజ్ పీల్ అంటారు. దూరం నుంచి రంగు సమంగా కనిపించినా, కిటికీ ఊచల ప్రతిబింబం వంకరపోతుంది. గరుకుదనం పెంచితే ఈ లక్షణం రాదు. దాని వల్ల ప్రతిబింబం మసకబారుతుంది తప్ప వంకరపోదు. అందుకే ఉపరితలపు ఎగుడుదిగుడులను అనుకరించే నార్మల్ మ్యాప్ లేదా బంప్ మ్యాప్‌ను అతి స్వల్పమైన తీవ్రతతో వాడతారు. యంత్రంతో అతికించిన యాక్రిలిక్‌కు దీన్ని ఇంకా తగ్గించాలి. లక్కర్డ్ గ్లాస్‌కు దాదాపు అవసరం లేదు.

మూడోది తలుపుల అమరిక. కబ్జాలకు బిగించిన తలుపులు ఎంత సరిచేసినా వెంట్రుకవాసి తేడాతో ఒక్కో దిక్కుకు ఉంటాయి. అద్దం ఒక కోణం తిరిగితే ప్రతిబింబం దానికి రెట్టింపు తిరుగుతుంది. తలుపు 0.2 డిగ్రీలు తిరిగితే మూడు మీటర్ల దూరంలోని వస్తువు ప్రతిబింబం సుమారు 21 మి.మీ. జరుగుతుంది. పక్కపక్క తలుపుల్లో కిటికీ చట్రం విరిగినట్టు కనిపించడం దీనివల్లే. మోడల్‌లో ప్రతి తలుపునూ ఇంత స్వల్పంగా తిప్పితే వరుస అంతా ఒకే గాజు పలకలా కనిపించే దోషం తొలగుతుంది.

గది, వెలుతురు

గ్లాసీ తలుపు ప్రతిబింబించేది ఎక్కువగా కెమెరా వెనక ఉన్న భాగాన్ని. చిత్రంలో కనిపించదు కదా అని ఆ వైపు గోడ, ఫర్నిచర్, కిటికీ గీయకపోతే తలుపుల్లో బూడిద రంగు శూన్యం కనిపిస్తుంది. అందువల్ల గదిని అన్ని వైపులా పూర్తి చేయడం, కనీసం కెమెరా వెనక లేత గోడనూ ఒక కిటికీనీ ఉంచడం తప్పనిసరి. బయటి దృశ్యం కోసం హెచ్‌డీఆర్ చిత్రాలను వాడతారు. కొలిచిన నిజమైన కాంతి తీవ్రతలతో వస్తువులను వెలిగించే ఈ పద్ధతిని 1998లో పాల్ డెబెవెక్ వివరించాడు. మామూలు ఫొటోలో ఆకాశం, తెల్ల కాగితం ఒకే తెలుపుగా ముగుస్తాయి. హెచ్‌డీఆర్‌లో వాటి నిష్పత్తి భద్రంగా ఉంటుంది కాబట్టి, 4 శాతానికి తగ్గిన తర్వాత కూడా ఆకాశం తలుపులో వెలుగుగానే కనిపిస్తుంది.

దీపాలకు పరిమాణం ఉండాలి. బిందు రూపంలోని దీపానికి ప్రతిబింబం ఉండదు, లేదా అసహజమైన చుక్క వస్తుంది. ఫాల్స్ సీలింగ్ ప్యానెళ్లను, కోవ్ లైట్లను, కబోర్డుల కింద ప్రొఫైల్ లైట్లను వాటి అసలు వైశాల్యంతో గీస్తే తలుపుల మీద సహజమైన వెలుగు పట్టీలు పడతాయి. డిఫ్యూజర్ లేని ఎల్‌ఈడీ స్ట్రిప్ గ్లాసీ తలుపులో చుక్కల వరుసగా కనిపిస్తుంది. ఇది నిజ జీవితంలోనూ ఉన్న సమస్య కాబట్టి, చిత్రంలో ముందే కనబడితే డిజైనరుకు మేలే.

కెమెరా స్థానం కూడా మెరుపును మారుస్తుంది. ఇరుకైన సమాంతర కిచెన్‌ను పొడవునా చూపితే పక్క తలుపులు 70–80 డిగ్రీల కోణంలో పడి ప్రతిబింబాలు రంగును కమ్మేస్తాయి. రంగును నిర్ధారించుకోవడానికి ఎదురు చూపు, మెరుపును అంచనా వేయడానికి ఏటవాలు చూపు అవసరం.

లెక్కించే పద్ధతులు

వెనువెంటనే కనిపించే చిత్రాల్లో చాలాకాలం స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు, రిఫ్లెక్షన్ ప్రోబ్‌లు వాడారు. మొదటిది తెరపై ఇప్పటికే కనిపిస్తున్న వస్తువులనే ప్రతిబింబించగలదు. చట్రం బయట ఉన్నవి తలుపులో ఉండవు. రెండోది గదిలో ఒక చోట నుంచి తీసిన చుట్టు బొమ్మను వాడుతుంది కాబట్టి ప్రతిబింబాలు కొంత జరిగి కనిపిస్తాయి. 2018లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు రే ట్రేసింగ్‌కు ప్రత్యేక విభాగాలతో వచ్చాక, డిజైను చేస్తుండగానే సరైన ప్రతిబింబాలు చూడడం సాధ్యమైంది.

తుది చిత్రానికి పాత్ ట్రేసింగ్ నమ్మదగినది. ఇది కిరణాలను యాదృచ్ఛికంగా పంపుతుంది కాబట్టి మొదట్లో చిత్రం చుక్కలుచుక్కలుగా ఉంటుంది. చుక్కల తీవ్రత సగానికి తగ్గాలంటే కిరణాల సంఖ్య నాలుగింతలు కావాలి. ఇంటెల్ 2019లో విడుదల చేసిన ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ వంటి, చుక్కలను తుడిచే సాధనాలు ఈ భారాన్ని తగ్గించాయి. అయితే కిరణాలు మరీ తక్కువైతే అవి ఆరెంజ్ పీల్ వంటి సన్నని వివరాలను కూడా తుడిచేస్తాయి. ఎదురెదురు గ్లాసీ తలుపుల మధ్య కిరణం ఎన్నిసార్లు తిరగాలన్నది మరో ఎంపిక. ఎదురు చూపులో రెండో ప్రతిబింబం 4 శాతంలో 4 శాతం, అంటే 0.16 శాతమే. కాబట్టి తలుపుల వరకు మూడు నాలుగు సార్లు చాలు. గదిలో నిలువుటద్దం ఉంటే ఎక్కువ కావాలి.

వచ్చిన కాంతి విలువలను తెర చూపగలిగే పరిధికి కుదించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. నేరుగా కత్తిరిస్తే కిటికీ ప్రతిబింబం మొత్తం ఒకే తెల్లటి అట్టముక్క అవుతుంది. మెల్లగా వంపు తిరిగే ఫిల్మిక్ తరహా వక్రాలు వెలుగు అంచుల్లో ఛాయలను నిలుపుతాయి.

సాఫ్ట్‌వేర్లు, పరిశ్రమలో వినియోగం

గృహ సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయాలు సమానంగా లేవు. 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ స్వీట్ హోమ్ త్రీడీలో వస్తువు మెరుపును మ్యాట్ నుంచి షైనీ వరకు ఒక స్లైడరుతో మార్చవచ్చు. తుది ఫొటో కోసం అది సన్‌ఫ్లో, యాఫారే ఇంజన్లను వాడుతుంది. స్కెచ్‌అప్‌లో చాలాకాలం ప్రతిబింబాలే లేవు. వాటికి వీ-రే, ఎన్‌స్కేప్ వంటి అనుబంధాలు కావాల్సి వచ్చేవి. 2025 వెర్షన్‌తో గరుకుదనం, లోహత్వం ఉన్న పదార్థాలు అందులోనే చేరాయి. బ్లెండర్ ఉచితమైనా ఇల్లు గీయడానికి ప్రత్యేకించినది కాదు. అయితే దాని సైకిల్స్ ఇంజన్‌లో క్లియర్‌కోట్ సహా పైన చెప్పిన విలువలన్నీ ఉన్నాయి.

కబోర్డుల చిత్రణ వ్యాపార స్థాయిలో ఎంత ఎదిగిందో స్వీడన్‌లో పుట్టిన ఐకియా చరిత్ర చూపిస్తుంది. ఆ సంస్థ 2006లో బెర్టిల్ అనే చెక్క కుర్చీ కంప్యూటర్ చిత్రాన్ని కేటలాగులో వాడింది. 2014 నాటికి దాని విడి వస్తువుల చిత్రాల్లో సుమారు 75 శాతం కంప్యూటర్‌లో తయారైనవే. కిచెన్ల విషయంలో లాభం మరీ స్పష్టం. అమెరికా, జపాన్, జర్మనీ కిచెన్ల అమరికలు వేరువేరు. ఒక్కో దేశానికి ఒక్కో సెట్టు కట్టి ఫొటో తీసే బదులు, కంప్యూటర్‌లో తలుపులు, కౌంటర్‌టాప్ మార్చితే సరిపోతుంది. నాణ్యత కోసం ఆ సంస్థ ఫొటోగ్రాఫర్లకు త్రీడీ పనిని, త్రీడీ కళాకారులకు ఫొటోగ్రఫీని నేర్పించింది.

పరిమితులు

మామూలు కంప్యూటర్ తెర నిజమైన దీపం ప్రతిబింబమంత ప్రకాశాన్ని ఇవ్వలేదు. రెండు కళ్లూ ప్రతిబింబాన్ని వేరువేరుగా చూడడం వల్ల, తల కదిలినప్పుడు అది జరగడం వల్ల కలిగే మెరుపు అనుభూతి నిశ్చల చిత్రంలో ఉండదు. తెరకూ తెరకూ రంగు మారుతుంది. ఫోన్‌లో చూసిన ఐవరీ తెలుపు మరో ఫోన్‌లో పసుపుగా కనిపించవచ్చు.

చిత్రం దాచే విషయాలూ ఉన్నాయి. వేలిముద్రలు, నూనె మరకలు, తుడిచినప్పుడు పడే సన్నని గీతలు గ్లాసీ తలుపుల మీద, ముఖ్యంగా ముదురు రంగుల మీద, త్వరగా తెలుస్తాయి. రెండర్ చిత్రాల్లో వీటిని సాధారణంగా చేర్చరు. చేర్చాలంటే గరుకుదనాన్ని అక్కడక్కడా కొద్దిగా మార్చే మ్యాప్ సరిపోతుంది. ఈ కారణాల వల్ల రెండర్ చిత్రం అమరికను, రంగుల పొందికను, ప్రతిబింబాల తీరును నిర్ణయించుకోవడానికి ఉపయోగపడుతుంది. ఫినిష్‌ను ఖాయం చేసుకోవడానికి మాత్రం షేడ్ కోడ్ ఉన్న నమూనా ముక్కను ఆ ఇంటి వెలుతురులో, పగలూ రాత్రీ నిలబెట్టి చూడాలి. ఒప్పంద పత్రంలో చిత్రంతో పాటు ఆ కోడ్, కంపెనీ పేరు, షీటు మందం కూడా రాయించుకోవాలి.